లోపాల సారు

రామలింగేశ్వరరావు గారి నోట ‘బాగుంది’ అన్న మాట విన్న తెలుగువాడు సూరత్‌లో లేడు. ఉధనా నుంచి అమ్రోలీ దాకా ఎవరిని ఆపి అడిగినా ఇదే చెబుతారు. పెళ్ళిభోజనం పెట్టినా, పులిహోర చేతిలో పెట్టినా, పసిపిల్లను తెచ్చి ఒళ్ళో పడుకోబెట్టినా ఆయన కాసేపు కళ్ళు మూసుకుని, తల ఓ పక్కకి వాల్చి, “ఒక్కటే లోపం” అంటారు. పులిహోరలో ఇంగువ ఆలస్యంగా పడింది. పెళ్ళిలో సన్నాయి వాయించే ఆయన తాళి కట్టే వేళకి కాఫీ తాగుతున్నాడు. పసిపిల్ల ఏడుపు ఎత్తుకున్నప్పుడు ఉన్న శ్రుతి దింపేటప్పటికి లేదు. ఆఖరికి కరోనా టీకా వేసిన నర్సమ్మకి కూడా, “సూది సంగతి సరే, దూది పెట్టడంలో తొందరపడ్డావమ్మా” అని చెప్పి వచ్చారట.

ఆయన చేసిన ఉద్యోగం అలాంటిది. రైల్వేలో, ఆగిన బండి పక్కన నడుస్తూ పొడుగాటి పిడి ఉన్న సుత్తితో ఒక్కో చక్రాన్నీ కొట్టి మోత వినడం ఆయన పని. మంచి చక్రం ఖంగుమంటుంది. పగులున్నది చప్పగా మూలుగుతుంది. ముప్పై చిల్లర ఏళ్ళు ఎండలో, వానలో ఆ మూలుగు కోసమే చెవి పెట్టిన మనిషి. “ఖంగుమన్న చక్రాన్ని ఏమని పొగుడుతామండీ? వెళ్ళనిస్తాం. అది వెళ్ళిపోవడమే దానికి పొగడ్త” అనేవారు. రిటైరయ్యాక సుత్తి రైల్వేకి అప్పగించారు గాని చెవిని మాత్రం వెంట తెచ్చుకున్నారు.

ఈ సంగతులేవీ తెలియకుండానే సోమలింగం ఆయన చేతికి చిక్కాడు.

సోమలింగానిది జగిత్యాల వైపు పల్లె. సూరత్ పాండేసరాలో ఒక కార్ఖానాలో మరమగ్గాలు నడిపేవాడు. వాటిని వాళ్ళు సాంచాలంటారు. వడోద్‌లో మూడో అంతస్తులో ఒక గది. గదిలో తను, భార్య నర్సవ్వ, ఆమె తళుకు రాళ్ళు అంటించడానికి కూలికి తెచ్చుకునే చీరల మూటలు. కరోనా వచ్చి సాంచాలు ఆగిపోయాక ఆ గదిలో నాలుగోది కూడా ఒకటి వచ్చి కూర్చుంది. నిశ్శబ్దం. ఇరవై ఏళ్ళుగా చెవులు గింగుర్లెత్తే మోతలో బతికినవాడికి ఆ నిశ్శబ్దం మోయరాని బరువైంది. పని చేసి అలిసిన ఒంటికి నిద్రైనా వస్తుంది. పని లేక అలిసిన ఒంటికి అదీ రాదు. పగలంతా గోడకి ఆనుకుని, ఫ్యాన్ తిరగడం చూస్తూ కూర్చునేవాడు.

“ఏందయ్యా, ఫ్యాను కింద పడ్తదని కాపల కాస్తున్నవా?” అనేది నర్సవ్వ.

“సప్పుడు లేకపోతె పానం ఎట్లనో అయితందే.”

“మరి పాడు. కార్ఖానల పాడుతననేటోనివి గద.”

పాడేవాడన్నది నిజమే. అతని తండ్రి ఊళ్ళో శివుడి భజనలు పాడేవాడు. ఆ పాటలే సాంచాల మధ్య నిలబడి సోమలింగం గొంతు చించుకుని పాడేవాడు. చించుకోక తప్పదు. పక్కవాడి కేకే వినపడని చోట పాట ఏం వినపడుతుంది? వింతేమిటంటే, అన్నేళ్ళు పాడాడు గాని తన పాట తను ఒక్కసారీ వినలేదు.

ఆ లాక్‌డౌన్‌లో తెలుగువాళ్ళకి బియ్యం, పప్పు ఎక్కడ పంచుతున్నారో చెప్పుకోవడానికి ఎవరో ఒక వాట్సాప్ గ్రూపు పెట్టారు. పనిలేని జనం అందులో పాటలు పాడి పెట్టడం మొదలుపెట్టారు. ఒకనాడు చౌరస్తాలో బియ్యం ఇస్తున్నారన్న కబురు వరసగా వచ్చిన భజనల కింద పడి కనపడకుండా పోయింది. బియ్యం మిగిలిపోయాయి. దాంతో బార్డోలీలో బ్యాంకు ఉద్యోగం చేసే ఇందుజ అనే ఆవిడ పాడేవాళ్ళనందరినీ ఏరి, ‘మన పాటలు’ అని వేరే గ్రూపులో పడేసింది. ఆ ఏరివేతలో సోమలింగం కూడా వెళ్ళాడు. రావు గారు అక్కడ ముందే కూర్చుని ఉన్నారు. ఆయన పాడరు. వింటారు.

సోమలింగం తండ్రి పాటే ఎత్తుకున్నాడు.

‘కొండ దిగి రావయ్య కోటిలింగాలయ్య,
గడప ముందర నీకు గొంగడేసిన్నయ్య.’

రికార్డు చేసి, పెట్టేముందు తనే ఒకసారి విన్నాడు. విని ఫోను దూరంగా జరిపాడు. “ఎవడే వీడు? గిట్ల మొత్తుకుంటుండు?” అన్నాడు.

“నువ్వే” అంది నర్సవ్వ. “ఇన్నేండ్లు నీ కేకలు మేమెట్ల విన్నమో గిప్పుడు ఎరుకైందా?”

అయినా పెట్టాడు. గ్రూపులో చప్పట్ల బొమ్మలు కురిశాయి. ‘సూపర్ అన్నా’ అంది ఇందుజ. ఆ గ్రూపులో చప్పట్లకి కరువు లేదు. వినకముందే కొట్టేవాళ్ళు కూడా ఉన్నారు. సోమలింగం మురిసిపోతుండగా ఫోన్ మోగింది.

“సోమలింగం గారేనాండీ? నమస్కారం. నా పేరు రామలింగేశ్వరరావు. మీ పాట విన్నాను. మా ఆవిడ కూడా విన్నది. మా కింది ఫ్లాటు వాళ్ళు కూడా విన్నారు.”

సోమలింగం లేచి నిలబడ్డాడు. అతన్ని కార్ఖానాలో ‘ఓయ్ కారీగర్’ అనేవాళ్ళు, బజార్లో ‘ఏయ్ తెలుగూ’ అనేవాళ్ళు. గారు అన్నవాళ్ళు పుట్టి బుద్ధెరిగాక లేరు. “చెప్పుర్రి సార్, ఎట్లున్నది?”

“ఒక్కటే లోపం.”

“ఏంది సార్?”

“మీరు దేవుణ్ణి కొండ దిగి రమ్మంటున్నారు. ఆ కేకకి ఆయన కొండకి అటువైపు దిగి పారిపోతాడండీ. ఫోను మీ నోటి దగ్గరే ఉంది కదా. పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడినట్టు పాడి, మళ్ళీ పంపండి.”

పంపాడు. ఫోనొచ్చింది.

“గొంతు దిగింది. ఒక్కటే లోపం.”

“మల్ల ఏంది సార్?”

“రెండో లైన్లో ‘గొంగ’ అని ఆగి, కాసేపయ్యాక ‘డేసిన్నయ్య’ అన్నారు. ఆ కాసేపూ దేవుడు ఎక్కడ కూర్చోవాలండీ? అక్కడ ఎందుకు ఆగారు?”

సోమలింగం బుర్ర గోక్కున్నాడు. మళ్ళీ పాడి చూసుకున్నాడు. మళ్ళీ అక్కడే ఆగాడు. అప్పుడు తట్టింది. కార్ఖానాలో ఒక్కడే వరసగా ఎన్నో సాంచాలు చూసుకోవాలి. దారం తెగితే సాంచా దానంతటదే ఆగిపోతుంది. ఏది ఆగిందో మోతలో తేడాని బట్టి పట్టుకోవాలి. అందుకని పాడుతూ పాడుతూ మధ్యలో నోరు మూసి చెవి వేయడం అలవాటైపోయింది.

“సాంచ ఆగిందేమో అని విన్న సార్” అన్నాడు సిగ్గుపడుతూ.

“సాంచాలన్నీ మార్చిలోనే ఆగిపోయాయి కదండీ” అన్నారు రావు గారు. “నాకూ అలాగే ఉంటుంది లెండి. మా ఇంట్లో స్టీలు గిన్నెలన్నీ కొట్టి చూస్తుంటానని మా ఆవిడ గోల. ఊపిరి మాట చివర తీసుకుని మళ్ళీ పంపండి.”

అలా మొదలైంది. ఈ రోజు లోపం దిద్దుకుని పంపితే రేపటికి ఇంకోటి. శ్రుతి కోసం ఫోన్‌లో తంబూరా మోగించుకోమన్నారు. మోగించుకుంటే, తంబూరాని ఓడించాలని చూస్తున్నారన్నారు. ‘అయ్య’ దగ్గర చివరి అక్షరాన్ని సాగదీసి సాగదీసి వదలడం లేదన్నారు. “దాన్ని పోనివ్వండి. బండి కదిలాక ప్లాట్‌ఫారం మీద పరిగెత్తకూడదు” అన్నారు. నర్సవ్వ ఆయనకి లోపాల సారు అని పేరు పెట్టింది. మొదట్లో చాటుగా అనేది. తరవాత తరవాత ఫోన్ ఆయనకి వినపడేంత దగ్గర్లో ఉన్నా, “ఏమయ్యో, లోపాల సారు ఫోను!” అని అరిచేది.

“ఆవిడ గొంతులో స్పష్టత ఉంది” అనబోయారో ఏమో రావు గారు, “ఆవిడ గొంతులో...” అని ఆగి, “చివర కొంచెం పైకి పోతోంది” అని ముగించారు.

అందరూ ఆయన్ని భరించలేదు. కోసాడ్ కాలనీలో ఉండే బిక్షపతి అని సోమలింగం తోటి పనివాడు ఫ్లూటు వాయించేవాడు. “ఒక్కటే లోపం. వాయించే ముందు ప్రతిసారీ గొంతు సవరించుకుంటున్నారు. ఫ్లూటుకి గొంతుతో పనిలేదు కదండీ” అని రావు గారు అనేసరికి వాడికి రోషం వచ్చి గ్రూపులోంచి వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళకే మళ్ళీ వచ్చి చేరాడు.

“ఏందిరా, మల్ల వస్తివి?” అని సోమలింగం అడిగాడు.

“ఏం జెయ్యాలె అన్న? గ్రూపులుంటె దినాం ఒక్కపారి అంటడు. బయిటికి పోతె పొద్దుగాల, పగటీలి, మాపటీలి ఫోన్ జేస్తుండు. ‘బిక్షపతి గారూ, ఫ్లూటు దుమ్ము పట్టనివ్వకండి’ అంటడు. గీడుంటెనే జర నిమ్మలం.”

లాక్‌డౌన్ సడలి సాంచాలు మళ్ళీ తిరిగాయి. సగం మంది పనివాళ్ళు ఊళ్ళకి పోయి రాలేదు. ఉన్నవాళ్ళ మీదే ఆ సగం పనీ పడింది. సోమలింగం షిఫ్టు దిగి వచ్చేటప్పటికి కాళ్ళు తనవి కానట్టుండేవి. అయినా చెంబెడు నీళ్ళు మొహాన కొట్టుకుని, చీరల మూటలకి ఆనుకుని, ఫోన్ తీసేవాడు. గొంతు మారింది. మోత మధ్య కూడా ఇప్పుడు మెల్లగా పాడుకుంటున్నాడని, పెదాలు కదలడమే గాని ఏమీ వినపడటం లేదని పక్క వరసవాళ్ళు వెక్కిరించేవారు. అతనికి మాత్రం వినపడేది. ఎక్కడ ఊపిరి తీసుకున్నాడో, ఎక్కడ ‘అయ్య’ని వదిలాడో లోపలే తెలిసేది. బతుకులో మొదటిసారి తన గొంతుతో తనకి పరిచయం అవుతోంది.

కాని ఒక కోరిక పట్టుకుంది. చప్పట్ల బొమ్మలు ఎన్ని వచ్చినా కంటికి ఆనడం లేదు. రావు గారితో ఒక్కసారి బాగుందనిపించుకోవాలి. ఒకే ఒక్కసారి. ఆ కోరిక ముదిరి, ఒకనాడు గ్రూపులోనే అందరూ వినేలా చెప్పేశాడు.

“రావుసార్, మీరు బాగుందన్ననాడు నేను పాట బంద్ జేసి, కాళ్ళు జాపుకుని పండుకుంట. గంతదాంక మిమ్ముల ఇడిసిపెట్ట.”

“సరేనండీ” అన్నారు రావు గారు. “కాని ఇవాళ ఒక్కటే లోపం.”

నర్సవ్వ రాయి అంటిస్తూ, “గా మాట కోసం గింత తండ్లాటనా? నేనంట తీయ్. బాగుంది, బాగుంది, బాగుంది. అయిపాయె. లేచి బియ్యం ఏరు” అంది.

“నువ్వంటె ఏమున్నదే? నువ్వు నా పెండ్లానివి.”

“ఆయనేమన్న నీ మేనమామనా?”

సోమలింగం లేచి బియ్యం చేట ముందుకి లాక్కున్నాడు.

మరుసటి ఎండాకాలం రెండో తరంగం వచ్చింది. మొదటిసారి భయం ఉండేది. ఈసారి భయపడే ఓపిక కూడా జనంలో లేదు. అంబులెన్సులు పోతుంటే కిటికీలోంచి చూసేవాళ్ళు కూడా కాదు. ‘మన పాటలు’ గ్రూపులో ఒక పాట, ఒక చావు కబురు, ఒక పాట, మళ్ళీ ఒక చావు కబురు. చప్పట్ల బొమ్మ ఎక్కడ పెట్టాలో, దండం బొమ్మ ఎక్కడ పెట్టాలో తడబడి, చాలామంది ఏదీ పెట్టడం మానేశారు. పాడేవాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోయారు. రావు గారు మాత్రం తగ్గలేదు. పాడనివాళ్ళకి ఫోన్ చేసి, “మొన్నటి లోపం అలాగే ఉండిపోయింది. దాన్నలా వదిలేస్తే ఎలాగండీ?” అనేవారు.

ఇందుజకి ఒళ్ళు మండింది. “ఈ టైంలో కూడా లోపాలేనా సార్? ఒక మంచి మాట చెప్పకూడదా?” అని గ్రూపులోనే అడిగేసింది.

“ఈ టైంలోనే కదమ్మా” అన్నారాయన. అంతకుమించి ఏమీ చెప్పలేదు. చెప్పనందుకు అందరికీ ఇంకా కోపం వచ్చింది.

ఆ రోజుల్లోనే సోమలింగానికి ఒళ్ళు వెచ్చబడింది. పనివాళ్ళు తక్కువై వరసగా షిఫ్టులు చేసిన అలసట అనుకున్నాడు. నర్సవ్వ కషాయం కాచి పోసింది. జ్వరం పోయింది గాని అలసట పోలేదు. పగలు మూటలకి ఆనుకుని కూర్చున్నవాడు అలవాటుగా ఫోన్ తీసి పాట ఎత్తుకున్నాడు. తనకే ఆశ్చర్యమేసింది. గొంతు దూదిలా మెత్తగా వచ్చింది. ‘గొంగడేసిన్నయ్య’ దగ్గర ‘అయ్య’ అనీ అనకుండానే జారిపోయింది. ఏడాదిగా రావు గారు మొత్తుకుంటున్నది ఇదే కదా!

పెట్టిన కాసేపటికి మూగబోయిన గ్రూపు మేలుకుంది. ‘అన్నా, ఏం భావం!’ అంది ఇందుజ. ‘ఏడిపిచ్చినవే అన్న’ అన్నాడు బిక్షపతి. ఆ తరవాత రావు గారి కబురు వచ్చింది. ఎప్పుడూ నోటితో చెప్పేవారు. ఈసారి రాసి పెట్టారు.

‘చాలా బాగుంది.’

సోమలింగం దాన్ని చదివాడు. మళ్ళీ చదివాడు. నర్సవ్వ మొహానికి ఆనేటట్టు ఫోన్ పట్టాడు. “సూడు! సూడవే! లోపాల సారు! చాలా బాగుందట! ఒట్టి బాగుంది గాదు, చాలా బాగుంది!”

“నిజమే!” అంది నర్సవ్వ, ఎంత కాదన్నా సంబరపడి. చీరలు పక్కన పడేసి సేమియా పాయసం చేసింది. వేడివేడిగా గిన్నెలో పోసి ఇచ్చింది. సోమలింగం రెండు చెంచాలు తిని, “చక్కెర ఏస్తివా?” అన్నాడు.

“ఏందయ్యా? ఇంట్ల ఉన్న చక్కెరంత పోసిన!”

“ఏమో, గోడకేసే సున్నం లెక్కున్నది.”

“ఓహో. సారు బాగుందనంగనే నువ్వు గూడ లోపాల సారువైతివా? నాకు లోపాలు చెప్పెటంత పెద్దోనివైతివా?” అని ఆమె గిన్నె లాక్కుంది. అతనికి రుచి తెలియకపోవడం గురించి ఇద్దరికీ వేరే అనుమానం రాలేదు.

ఫోన్ మోగింది. రావు గారే.

“సోమలింగం గారూ, చూశారు కదా. బాగుందన్నాను. మీ మాట ప్రకారం మీరు ఇంక పాడకూడదు. పడుకోవాలి. బోర్లా పడుకోండి.”

“బోర్లనా? ఎందుకు సార్? జర ఇంకోపారి పాడి...”

“వద్దు!” ఆ మనిషి గొంతు పెంచడం సోమలింగం వినడం అదే మొదలు. “పాడకండి. మాట్లాడను కూడా మాట్లాడకండి. ఫోన్ మీ ఆవిడకి ఇచ్చి బోర్లా పడుకోండి. నేను వస్తున్నాను.”

సోమలింగం అయోమయంగా ఫోన్ ఇచ్చేశాడు. అటువైపు ఇప్పుడు ఆడగొంతు వినపడింది. రావు గారి భార్య దుర్గాంబ గారు. “అమ్మా నర్సవ్వా, మీ ఆయనకి ఎలా ఉందమ్మా?”

“మంచిగనే ఉన్నడమ్మా. మీ సారు బాగుందన్నడని గాల్ల తేలుతుండు.”

“అదేనమ్మా నా భయం. నలభై ఏళ్ళ కాపురంలో ఆయన నా వంట బాగుందన్నది ఒకే ఒక్కసారి. నాకు టైఫాయిడ్ వచ్చి, ఒళ్ళు తెలియకుండా ఉప్పు లేని పప్పుచారు కాచి పెట్టాను. ఒక్క మాట అనకుండా తాగి, ‘చాలా బాగుంది, నువ్వు పడుకో’ అన్నారు. లోపం చెబితే లేచి మళ్ళీ కాస్తానని భయం. మీ ఆయనా అంతే కదా. లోపం ఉందంటే అక్కడికక్కడే మళ్ళీ పాడతాడు. ఉన్న ఊపిరి కాస్తా అయిపోతుంది. ఇందాక ఆ పాట ఎన్నిసార్లు విన్నారో. ‘ఒక్క లైన్లో నాలుగుచోట్ల ఊపిరి తీసుకున్నాడు దుర్గా, ఈయన ఆ రెండు లైన్లూ ఒక్క ఊపిరిలో లాగే మనిషి’ అంటూ చొక్కా తొడుక్కున్నారు.”

నర్సవ్వ ఫోన్ పట్టుకుని, బోర్లా పడుకున్న మొగుడి వీపు వంక చూసింది. ఆ వీపు గబగబా లేచి పడుతోంది.

రావు గారు ఆటోలో వచ్చారు. మొహానికి రెండు మాస్కులు, మీద ప్లాస్టిక్ తెర, ఆ పైన హెల్మెట్. ఆటోలో హెల్మెట్ ఎందుకని డ్రైవరు అడిగితే, “తెర జారిపోకుండా” అన్నారట. గల్లీలో పిల్లలు ఆయన్ని చూసి ఇళ్ళలోకి పరిగెత్తారు. మూడంతస్తులూ ఎక్కే ఓపిక ఆయనకి లేదు. నర్సవ్వ కూరగాయల కోసం తాడు కట్టి దింపే సంచిలో వేలికి పెట్టుకునే ఆక్సిజన్ మీటరు వేసి పంపారు. ఆమె అతని వేలికి పెట్టి పైనుంచి అంకె చెప్పింది. అది ఉండాల్సినదానికి చాలా కింద ఉంది.

“కిందికి తీసుకురామ్మా. మెల్లగా. మెట్టుమెట్టుకీ ఆపి తీసుకురా. ఆటో ఉంది.”

“సార్, పాట నిజంగ మంచిగ లేదా?” అని మెట్ల మీంచి సోమలింగం అడిగాడు. ఆ స్థితిలోనూ అతని బాధ అదే.

కింద రావు గారు ఆటో వైపు చెయ్యి చూపించారు. “చక్రం పగిలిన బండికి లోపాలు చెప్పరండీ. పక్క లైన్లో పెట్టి బాగుచేయిస్తారు. ముందు ఎక్కండి.”

సర్కారు దవాఖానాలో వరండాలో పడుకోబెట్టి, ముక్కుకి గొట్టం పెట్టాక మంచం దొరికింది. ఆ మంచం కోసం ఇందుజ ఎంతమందికి ఫోన్లు చేసిందో, రావు గారు గేటు దగ్గర కాపలావాళ్ళతో ఎంతసేపు నిలబడ్డారో నర్సవ్వకి తెలుసు. లోపలున్నవాళ్ళ దగ్గరికి ఎవరినీ రానివ్వలేదు. అందుకని రోజూ ఫోన్‌లోనే పలకరింపు.

“ఇయాల ఇడ్లి తిన్న సార్.”

“బాగుంది.”

ఆ మాట వింటే సోమలింగానికి భయమేసేది. ఏడాది పొడవునా ఏ మాట కోసం తపించాడో ఆ మాట ఇప్పుడు పూటకొకసారి వస్తోంది. వచ్చినప్పుడల్లా వేలికి మీటరు పెట్టించుకుని అంకె చూసుకుంటున్నాడు. “సార్, ఇయాల గొట్టం తీసి జరసేపు కూసున్న.” “చాలా బాగుంది.” అయ్యో, పైగా ‘చాలా’ అంటున్నాడే! పక్క మంచం ఆయన్ని అడిగాడు, “డాక్టరు మంచిగైతుందన్నడు, మా సారు బాగుందంటుండు. ఎవల్ని నమ్మాలె?” అని. పక్క మంచం ఆయన బీహారీ. తెలుగు రాదు. తల ఊపాడు.

ఒకనాడు దుర్గాంబ గారే ఫోన్ చేసి కాసేపు మాట్లాడారు. “నీ పాట మొదటిసారి వచ్చినప్పుడు, ‘ఇందులో నిజంగా ఒక్కటే లోపమా?’ అని అడిగాను నాయనా. ‘లోపాలు తప్ప ఇంకేం లేవు దుర్గా’ అన్నారు. ‘మరి ఒక్కటే అని చెప్పారేం?’ అంటే, ‘అన్నీ ఒకేసారి చెబితే ఆయన పాడడం మానేస్తాడు. ఏమీ లేవంటే రేపు పంపడు. ఒక్కటి చెబితే రేపు కూడా ఉంటాడు కదా’ అన్నారు. గ్రూపులో అందరికీ అంతే. పొద్దున్న లేచి ఎవరెవరి పాట రాలేదో చూసుకుని, రానివాళ్ళకి ఫోన్ చేస్తారు. పాట కోసం చేస్తున్నారని వాళ్ళు తిట్టుకుంటారు. తిట్టుకోనీ అంటారు ఈయన. తిట్టాలన్నా ఊపిరుండాలి కదా అంటారు.”

సోమలింగం ఆ పూట చాలాసేపు పైకప్పు కేసి చూస్తూ పడుకున్నాడు. అక్కడ కూడా ఒక ఫ్యాన్ తిరుగుతోంది.

ఇంటికి వచ్చాక కూడా మెట్టెక్కితే ఆయాసమే. నర్సవ్వ పాట పేరెత్తనివ్వలేదు. వానలు పడ్డాక, డాక్టరు సరేనన్నాక, ఒక మధ్యాహ్నం మూటలకి ఆనుకుని రెండు లైన్లు పాడాడు. గొంతు గరగరలాడింది. సగంలో దగ్గొచ్చింది. అయినా దిద్దకుండా అలాగే పంపేసి, ఫోన్ చాప మీద పెట్టి, ఇద్దరూ దానికి చెరో పక్కన కూర్చున్నారు.

“ఏమంటడో?” అన్నాడు.

“బాగుందంటె మాత్రం దవాఖానకు నడువు” అంది నర్సవ్వ.

చప్పట్లు వచ్చాయి. దండాలు వచ్చాయి. బిక్షపతి ఫ్లూటు మీద ఏదో వాయించి పెట్టాడు, ముందు గొంతు సవరించుకుని మరీ. రావు గారి దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. సోమలింగం ఫోన్ ఆగిపోయిందేమోనని తీసి చూసి, మళ్ళీ చాప మీద పెట్టాడు. ఆఖరికి ఫోన్ మోగింది.

“సోమలింగం గారూ, విన్నాను. ఇదేం శ్రుతి అండీ? మొదటి లైను ఒక ఊళ్ళో, రెండో లైను ఇంకో ఊళ్ళో. ‘రావయ్య’ దగ్గర తాళం జారింది. దగ్గు వచ్చినప్పుడు ఆపాలి గాని, దగ్గుతోపాటు పాడతారా? చివరి అక్షరాన్ని మళ్ళీ పట్టుకుని వేలాడుతున్నారు. ఏడాది కష్టం అంతా గంగలో...”

ఒక్కటి కాదు. ఇవాళ లెక్కే లేదు. సోమలింగం ఫోన్ స్పీకరులో పెట్టి నర్సవ్వ వైపు జరిపాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూ వింటోంది. “ఇంక తిట్టుమను. సిగ్గులేనోడా, మొత్తం తిట్టించుకో” అని గుసగుసలాడింది.

“సార్” అన్నాడు సోమలింగం, ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు. “ఒక్క మాట సార్. దండం పెడ్త, ఇగ ఎన్నడు నన్ను బాగుందనకుర్రి.”

“నేనెందుకంటానండీ? అనడానికి అందులో ఏముందని?” అన్నారు రావు గారు. “మళ్ళీ పాడి పంపండి. తొందరేం లేదు. రేపు పంపండి.”

ఆ తరవాత గ్రూపులో ఎవరూ ఆయన్ని మంచి మాట అడగలేదు. అడగకపోగా, ఇందుజకి ఒక ముచ్చట జరిగింది. ఆవిడే ఫోన్ చేసి సోమలింగానికి చెప్పి నవ్వింది. ఆవిడ పాట విని రావు గారు పరధ్యానంలో, “ఫరవాలేదమ్మా” అన్నారట. ఇందుజ బ్యాంకుకి సెలవు పెట్టి, పరిగెత్తుకెళ్ళి టెస్టు చేయించుకుంది. ఏమీ లేదని తేలాక, ఒళ్ళు మండి ఆయనకే ఫోన్ చేసి నిలదీసింది.

“క్షమించమ్మా” అన్నారట రావు గారు, చాలా చిన్నబోయి. “నిజంగానే ఫరవాలేదు. ఎంత వెతికినా దొరకలేదు.”